హోల్కం జమీ సేద్యము – నాలుగేండ్ల పంటమార్పిడి

ఇంగ్లండు దేశమునకు తూర్పున నార్ఫోకు అను జిల్లా కలదు. అందు సముద్రతీరమునకు సమీపమున హోల్కం అను పెద్ద జమీ యున్నది. అచ్చటి నేలలు పెక్కులు తేలిక యిసుక నేలలు. 18వ శతాబ్దమున అట్టి నేలలను సారవంతములుగ జేసిన విధము మన సంఘ సభ్యులు తెలిసికొనదగినదని యెంచి క్లుప్తముగ వ్రాయుచున్నాము.

మొదటి యేట టర్నిప్ దుంప. రెండవ యేట బార్లీ, అందులోనే క్లోవరు అను పశుగ్రాసపు విత్తనము. మూడవ యేట క్లోవరు. నాలుగవ యేట గోధుమ. ఇదియే వారి క్రమము. ఇందుచే నేలను ఒక యేడు ఊరక బీడు పెట్టు పని తప్పెను. టర్నిప్ చేనిలో దంతి త్రవ్వుటచే కలుపు పోయెడిది. చలికాలమున గొఱ్ఱెలను ఆ చేనిలోనే దడులలో నిలిపి దుంపలను మేపెడివారు. మన పొలములలో మంద కట్టించుట వంటిదే యిది. క్లోవరు మన పెసర, జనుముల జాతిది. వీని వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని గ్రహించునని శాస్త్రజ్ఞులు 1880 దశాబ్దమున నిరూపించిరి. రైతులు దాని ఫలమును అంతకు ముందే అనుభవమున నెఱిగిరి.

మఱియు మనము చెఱువుమట్టి తోలినట్లు, వారు సున్నపుపాలు గల బంకమన్నును గోతులనుండి త్రవ్వి పొలములకు తోలిరి. ఇది మిక్కిలి ఖర్చుతో గూడిన పని. ఫలము పెక్కేండ్లు నిలుచును. మఱుసటి యేడు భూమి తన చేతిలో నుండునో లేదో యెఱుగని కౌలుదారు దీనికి పూనుకొనునా? కావుననే హోల్కంలో 21 ఏండ్ల కౌళ్లు వ్రాసిరి. ఏ పైరు వెనుక ఏ పైరు వేయవలయునో ఆ పత్రములలోనే నిబంధనలు చేర్చిరి.

1776లో జమీకి వచ్చిన తామస్ విలియం కోక్ దొరయే ఇదంతయు తెచ్చెనని చిరకాలము చెప్పుకొనిరి. పార్కరు అను చరిత్రకారుడు జమీ లెక్కలను శోధించి 1975లో ప్రకటించిన గ్రంథమువలన, ఈ పద్ధతులు అంతకుముందే అచ్చట నున్నవని తేలినది. కోక్ దొర వానిని కొనసాగించి, ఉన్ని కత్తిరించు వేళ రైతులను రావించి పొలములను, పశువులను చూపుచుండెను. అట్టి కడపటి సభ 1821లో జరిగెను.

అయితే ఈ వృద్ధిలో అందఱకు సమభాగము దొరకలేదు. ఆ శతాబ్దమున ఇంగ్లండులో పార్లమెంటు చట్టములచే ఊరుమ్మడి భూములు పెక్కింటికి కంచెలు పడెను. వానిపై పశువులను మేపుకొను పేదలు ఆధారము గోల్పోయిరి.

సోదర రైతులారా! విత్తనమును ఎరువును ఒక్క యేటిలో కొనవచ్చును. నేల సారము ఒక్క యేటిలో రాదు. భూమి నిచ్చువారును, చేయువారును పెక్కేండ్ల కౌలును గూర్చి సంఘ సమావేశమున ఆలోచింతురు గాక!