మధ్యలో తప్పుకున్నవారి లెక్క

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు మన ఇళ్ళలో. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడికాయి గనుక అది చెల్లుతుంది. మనుషుల విషయంలో అంత తేలిగ్గా చెల్లదు. పైగా మెతుకు మధ్యలో లేచి వెళ్ళిపోదు, మనిషి వెళ్ళిపోతాడు!

వయసు పెరిగేకొద్దీ కారు నడిపే తీరు ఎలా మారుతుందో తెలుసుకోవటానికి కెనడాలో 2009లో 'క్యాన్‌డ్రైవ్' అధ్యయనం మొదలైంది. ఏడు నగరాలలో 70 ఏళ్ళు, ఆ పైబడిన 928 మందిని చేర్చుకుని, వారి కార్లలో పరికరాలు అమర్చి, ఏళ్ళ తరబడి ప్రయాణాలు నమోదు చేశారు. అమెరికాలో 'లాంగ్‌రోడ్' 2015–17 మధ్య 65–79 ఏళ్ళవారిని 2,990 మందిని తీసుకుంది. కెనడాలోని ఒంటారియోలో 80 దాటినవారు రెండేళ్ళకోసారి లైసెన్సు రెన్యూ చేయించుకోవాలి. ఇటువంటి నిబంధనలు బిగించాలా, సడలించాలా అని తేల్చటానికి ఈ లెక్కలే ఆధారం కావాలి. బస్సు రాని ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలాయనకు ఆ లైసెన్సు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చిక్కు మొదటిరోజే ఉంది. పిలిస్తే ముందుకొచ్చేవారు ఎక్కువగా ఆరోగ్యవంతులు, చదువుకున్నవారు. చూపు మందగించినాయన "కారులో యంత్రం పెట్టి, రేపు లైసెన్సు లాక్కుంటారేమో" అని దూరంగా ఉండిపోవచ్చు. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారిని లాంగ్‌రోడ్ అసలు చేర్చుకోలేదు.

ఆపైన తప్పుకోవటాలు. ఒకరు చనిపోతారు, ఒకరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోతారు, ఒకరు భయపడి కారే అమ్మేస్తారు. అందరూ ఒకే కారణంతో వెళ్ళరు, అక్కడే ఉంది తంటా. ఊహకు ఒక లెక్క వేద్దాం. నూరుమంది వృద్ధులు. గట్టిగా ఉన్న 60 మంది వారానికి 100 కి.మీ. చొప్పున, బలహీనులైన 40 మంది 50 కి.మీ. చొప్పున నడుపుతారు. సగటు 80. ఐదేళ్ళకు ప్రతివారూ 5 కి.మీ. తగ్గించారు, బలహీనుల్లో 20 మంది మానుకున్నారు. మిగిలిన 80 మంది సగటు ఎంత? 82.5! ప్రతి ఒక్కరూ తగ్గించినా సగటు పెరిగింది. ఎండిపోయిన మొక్కలు పీకేసి, బతికినవాటి ఎత్తు కొలిచి "తోట బాగుంది" అన్నట్టే.

విరుగుడు లేకపోలేదు. వెళ్ళిపోయినవారి తొలినాటి వివరాలను మిగిలినవారి వివరాలతో పోల్చాలి. బలహీనులు తగ్గిపోతే, మిగిలిన బలహీనులకు లెక్కలో ఎక్కువ బరువు ఇవ్వాలి. కారు మానేసినా ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండాలి. నా దృష్టిలో ఈ మూడోదే మేలు. ఎందుకంటే, చేరిననాడు నిక్షేపంలా ఉండి, రెండేళ్ళకు పక్షవాతం వచ్చి ఆగిపోయినాయన సంగతి మొదటిరోజు కాగితాల్లో ఎంత వెతికినా దొరకదు.