గెలిస్తే 0.8, ఓడితే 9.2

చదరంగంలో 2750 రేటింగ్ ఆటగాడికి ఎదురుగా 2350 రేటింగ్ ఆటగాడు కూర్చుంటే గెలుపెవరిదో ముందే ఊహించవచ్చు. రేటింగ్ లెక్క కూడా ఆ ఊహతోనే మొదలవుతుంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పట్టిక ప్రకారం 400 తేడా ఉంటే బలమైన ఆటగాడు సగటున గేముకు 0.92 పాయింటు సాధించాలి. గెలిస్తే 1 వస్తుంది కాబట్టి అదనం 0.08 మాత్రమే. దాన్ని 10తో గుణిస్తే రేటింగుకు కలిసేది 0.8. డ్రా అయితే 4.2, ఓడితే 9.2 పోతాయి. ఒక్క డ్రా నష్టం పూడాలంటే అలాంటి గెలుపులు ఆరు కావాలి. ఇంకా 2400 అందుకోని ప్రత్యర్థికి గుణకం 20. అందుకే డ్రాతోనే అతనికి 8.4 వస్తాయి.

తేడా ఎంత ఉన్నా 400గానే లెక్కించే నిబంధన వల్ల, 2800 ఆటగాడు 2000 ఆటగాణ్ణి ఓడించినా 0.8 దక్కేది. రేటింగ్ ద్వారా క్యాండిడేట్స్ టోర్నీకి చేరేందుకు కావలసిన 40 గేముల కోసం అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా 2025లో స్థానిక టోర్నీలు ఆడటంతో ఇది చర్చకొచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి 2650, ఆపైన ఉన్నవారికి ఫిడే ఈ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు తేడా 735 దాటితే గెలిచినా సున్నాయే, ఓడితే పది పోతాయి.

తేలిక పాయింట్ల దారి మూసుకుంది. అయితే ఓపెన్ టోర్నీలు ఆడే అగ్రశ్రేణికి లాభం ఇంకా తగ్గింది. వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేసి అలాంటి టోర్నీలు విరివిగా ఆడుతూనే 2024లో 2800 దాటారు. అలాంటివారు రావడం మానేస్తే నష్టపోయేది పెద్ద ప్రత్యర్థి కోసం ఎదురుచూసే కుర్రాళ్లే.