చెవి పరీక్షించేవారు వేరు, మిషను అమ్మేవారు వేరు



కంటిచూపు మసకబారితే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మనకు తెలుసు. పన్ను కదిలితే పళ్ళ డాక్టరు ఉన్నారు. మరి ఏడాది నిండిన బిడ్డ పిలిస్తే పలకడం లేదంటే ఎవరికి చూపించాలి? కర్నూలులో అడిగినా, కడపలో అడిగినా, "చెవి మిషన్లు అమ్మే అంగడి ఉంది కదా, ఆడ చూపిస్తే సరి" అనేవాళ్ళున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళయితే, "వాళ్ళ నాయన గూడా నాలుగేండ్లకు గానీ మాట్లాడలేదులే, తొందరేముంది?" అంటారు. ఈ రెండు మాటల నడుమ రెండు మూడేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. భాష నేర్చుకునే వయసు అదే. అది పోతే మళ్ళీ రాదు.

చెవి సంగతిలో ముగ్గురున్నారని ముందు గుర్తుపెట్టుకోండి. మొదటివారు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. చీము కారినా, నొప్పి చేసినా, ఉన్నట్టుండి వినికిడి పోయినా, ఆపరేషను అవసరమైనా వారి దగ్గరికే పోవాలి. రెండోవారు ఆడియాలజిస్టు. వినికిడి ఎంత ఉంది, ఏ చెవికి ఎంత తగ్గింది, ఏ మిషను సరిపోతుంది, దానికి ఏ స్వరం ఎంత పెంచాలి, ఇవన్నీ తేల్చేది వీరు. వినికిడి, మాట రెండూ కలిపి నాలుగేళ్ళ డిగ్రీ చదువుతారు. అందులో చివరి ఏడాది శిక్షణే. మూడోవారు మిషను అమ్మే వ్యాపారి. మనం మొదటివారిని చూసి, రెండోవారిని వదిలేసి, తిన్నగా మూడోవారి దగ్గరికి పోతున్నాం. చిక్కంతా అక్కడే.

పసిబిడ్డకు పరీక్ష ఎలా చేస్తారంటారా? నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి సన్నని శబ్దం పంపుతారు. లోపలి చెవి బాగుంటే అది చిన్న ప్రతిధ్వని తిరిగి పంపుతుంది. దీన్ని ఓఏఈ అంటారు. అందులో తేడా కనబడితే బెరా చేస్తారు. తలకు సన్నని తీగలు అతికించి, శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. నెల లోపల మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషను, శిక్షణ. ఒకటి, మూడు, ఆరు. పప్పులో ఉప్పంత సులభంగా గుర్తుంటుంది.

పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరగాలని పట్టుబట్టినవారిలో ముందుండేది ఒక స్త్రీ. మారియన్ డౌన్స్ అని, 1914లో పుట్టిన అమెరికా ఆడియాలజిస్టు. 1960లలో డెన్వరు నగరపు ఆసుపత్రుల్లో పసిబిడ్డలకు శబ్దం వినిపించి పరీక్షించే పని మొదలుపెట్టింది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ ఆ మాటే చెప్పేసరికి 1993 వచ్చింది. ఆమె నూరేళ్ళు బతికి 2014లో కన్నుమూసింది.

ఆ దేశంలోనే ఇంకో తగాదా నడిచింది. పరీక్షించేవారే మిషను అమ్మితే లాభానికి ఆశపడి అవసరం లేనివారికి కూడా అంటగడతారేమోనని, ఆడియాలజిస్టులు లాభానికి మిషన్లు అమ్మకూడదని వారి వృత్తి సంఘం నియమం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ పరీక్ష ఒకచోట, మిషను మరోచోట అయ్యేసరికి, పెట్టిన మిషను సరిగా పనిచేస్తోందో లేదో చూసే దిక్కు లేకపోయింది. కొందరు ఆడియాలజిస్టులు వేరే సంఘం పెట్టుకున్నారు. 1978 ప్రాంతంలో ఆ నిషేధం పోయింది. 1988లో జేమ్స్ జెర్గర్ ముందుండి ఆడియాలజిస్టులకే ప్రత్యేకంగా ఒక అకాడమీ స్థాపించారు. తమ నిర్ణయానికి తామే జవాబుదారులం అనడమే వారి వాదన. స్వతంత్రమంటే డాక్టరుతో పోట్లాట కాదు. వ్యాపారి చెప్పినట్టు ఆడకపోవడం, తన పరీక్షకు తాను పూచీ పడటం.

మన దేశంలో ఈ చదువుకు పెద్ద పీట మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. విజయలక్ష్మి బసవరాజ్, ఎస్.ఆర్. సావిత్రి, ఎం. పుష్పవతి, వీరంతా ఆ సంస్థకు డైరెక్టర్లుగా పనిచేసిన స్త్రీలే. 1983లో బొంబాయిలో మరో జాతీయ సంస్థ వచ్చింది. ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న అలీ యావర్ జంగ్ పేరు దానికి పెట్టారు. సికింద్రాబాదులో దానికి శాఖ ఉంది. 1992 చట్టంతో ఈ వృత్తివారి పేర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలన్న నియమం ఏర్పడింది. 2007లో చెవిటితనం నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైంది.

ఇదంతా మన సీమకెందుకంటారా? మన వైపు మేనరికాలు ఎక్కువ. ఒకే రక్తంలో పెళ్ళిళ్ళయితే పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. బేతంచర్ల వైపు నాపరాళ్ళు కోసే మిషన్ల హోరులో రోజంతా పనిచేసేవారికి వినికిడి కొద్దికొద్దిగా తరిగిపోతుంది. మిషను కొనడానికే కాదు, సదరం సర్టిఫికెట్టుకు కూడా వినికిడి పరీక్ష కాగితమే ఆధారం. రెండు చెవుల్లోనూ డెబ్బై డెసిబెల్స్ నష్టముంటే బధిరులని 2016 చట్టం చెబుతోంది. ఆ అంకె వేసే చేయి ఎవరి ఒత్తిడికీ వణకకూడదు కదా!

కాబట్టి ఇవి పాటించండి. బిడ్డ చప్పుడుకు ఉలికిపడకపోతే, ఏడాదికి "అత్త, తాత" అనకపోతే ఆగొద్దు. చెవిలో నూనె, ఆకు పసరు పోయొద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలోగానీ, కడప రిమ్స్‌లోగానీ చెవి డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష ఎక్కడ, ఎవరు చేస్తారో అడగండి. చేసేవారిని, "అమ్మా, మీ పేరు కౌన్సిల్లో నమోదైందా?" అని అడగడం అమర్యాద కాదు. పరీక్ష గీతలు గీసిన కాగితం మీ చేతికి తీసుకోండి, అది మీది. ఒకే కంపెనీ మిషను కొనమంటే కారణమడగండి. కొన్నాక నెలకోసారి సరిచేయించుకునే వీలుందో లేదో కనుక్కోండి. పెట్టెలో పడుకున్న మిషను ఎంత ఖరీదైనదైనా చెవికి దండగే.

చివరగా ఒక్క మాట. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివే ఆడపిల్ల ఇంట్లో ఉంటే, డాక్టరు సీటు రాకపోతే చదువే లేదని బాధపడకండి. ఈ చదువు గురించి ఒకసారి వాకబు చేయండి. ఓర్పు, పసిబిడ్డతో మాట కలిపే నేర్పు మన పిల్లలకు కొత్తేమీ కాదు. చదివి వచ్చాక ఎవరి అంగట్లోనో మిషన్లు అమ్మిపెట్టడమే కాదు, తన సంతకానికి తానే యజమాని అయ్యే ధైర్యం కూడా మనమే ఇచ్చి పంపాలి.