కాకిబంగారం పొరల్లో తొలి ప్రాణం?

అభ్రకం ముక్క అంచున గోటితో గీరితే పొర లేస్తుంది. దాన్ని చీలిస్తే ఇంకా పల్చటి పొర వస్తుంది. ఇక వేళ్లకు చిక్కనంత పల్చనయ్యాక కూడా అందులో వేల పొరలు మిగిలే ఉంటాయి. ఒక్కో పొర మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పల్లెల్లో కాకిబంగారం అని పిలిచే ఈ ఖనిజమే ఒకప్పుడు గూడూరుకు దేశవిదేశాల్లో పేరు తెచ్చింది. సైదాపురం, కలిచేడు, తలుపూరు గనుల్లో తవ్విన ఆకుపచ్చ ఛాయ అభ్రకాన్ని కత్తిమొనతో రేకులుగా విడదీసి ఎగుమతి చేసేవారు. కరెంటును పారనివ్వదు, వేడికి చెదరదు. అందుకే ఇస్త్రీపెట్టెలో తీగ చుట్టే పలక దీనితోనే తయారయ్యేది. జీవం ఎక్కడ పుట్టిందన్న చర్చలోకీ ఈ రేకులు వచ్చాయి.

ఆ చర్చను ఆధునిక విజ్ఞానంలో మొదలుపెట్టినవారు ఇద్దరు. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్. తొలినాటి భూమి మీద వాయువులు, నీరు, శక్తి కలిసి సేంద్రియ పదార్థాలను తయారుచేశాయని ఎవరికి వారే ఊహించారు. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఒపారిన్, హాల్డేన్‌ల ఊహను 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ గాజుబుడ్డిలో పరీక్షించాడు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో విద్యుత్ మెరుపులు పుట్టించగా, ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. అప్పటివరకు తత్వవేత్తల చేతిలో ఉన్న ప్రశ్న ప్రయోగశాలకు చేరింది.

ఇటుకలు దొరికినంత మాత్రాన ఇల్లు లేచినట్టు కాదు. చిటికెడు పసుపు చెరువులో కలిపితే రంగు కనబడదు. సముద్రమంత నీటిలో ఆ అణువులు ఒకదాన్నొకటి ఎలా కలుసుకోవాలి? పైగా రెండు అణువులు గొలుసుగా అతుక్కోవాలంటే మధ్యనుంచి నీరు తప్పుకోవాలి. చుట్టూ ఉన్న నీరేమో ఆ అతుకును విడదీస్తూనే ఉంటుంది. ఈ పరిశోధనలో అసలు చిక్కు ఇదే.

దాన్ని విప్పడానికి శాస్త్రవేత్తలు తలొక దారి పట్టారు. సముద్రగర్భంలోని వేడినీటి ఊటలను కొందరు పట్టుకున్నారు. ఎండి తడిసే గుంటలే సరైన చోటని మరికొందరి వాదన. ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్ని మోయడమే కాదు, రసాయన చర్యలనూ నడపగలదని చూపిన చెక్, ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. అదే తొలి అణువై ఉంటుందన్న ఆలోచనకు ఆ దెబ్బతో బలం చేకూరింది. 1996లో జేమ్స్ ఫెరిస్ బృందం బంకమట్టి ఖనిజం ఉపరితలం మీద 50కి పైగా కణికలున్న ఆర్‌ఎన్‌ఏ గొలుసులు పెరుగుతాయని చూపింది. నీటిలో చెదిరిపోయేదాన్ని రాయి పట్టి నిలుపుతుందని అలా తేలింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతా బార్బరా శాఖకు చెందిన హెలెన్ హాన్స్మాకు అభ్రకం కొత్తేమీ కాదు. డీఎన్‌ఏను సూక్ష్మదర్శినిలో చూసేందుకు ఆమె వాడిన పీట అదే. అభ్రకం పొరల నడుమే జీవం మొదలై ఉండవచ్చని 2007లో ప్రతిపాదించి, 2010లో వివరంగా ప్రచురించారు. ఆమె వాదనలో అందమైన భాగం పొటాషియానిది. సముద్రపు నీటిలో పొటాషియం అయాన్ల కంటే సోడియం అయాన్లు దాదాపు 45 రెట్లు ఎక్కువ. మన కణం లోపలేమో పొటాషియానిదే పైచేయి. సముద్రంలో పుట్టిన జీవం లోపల ఈ తలకిందుల లెక్క ఎక్కడిది? గూడూరు అభ్రకం జాతైన మస్కొవైట్‌లో పొర పొరకూ మధ్య ఉండేది పొటాషియమే. పగటి ఎండకు, నీటి కదలికకు రేకులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, ఆ కదలికే అణువులను నొక్కి కలిపే శక్తి అవుతుంది. బంకమట్టిలా ఉబ్బి కుంగిపోకుండా, రేకుల మధ్య ఖాళీలు గదుల్లా నిలకడగా ఉంటాయి.

అభ్యంతరాలూ బలమైనవే. ప్రాణం పుట్టిన నాటికి భూమి మీద అభ్రకం ఉందా అన్నది మొదటిది. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో 400 కోట్ల ఏళ్లు దాటిన జిర్కాన్ స్ఫటికాల లోపల మస్కొవైట్ దొరికింది. అయితే అది మొదటినుంచీ ఉన్నదా, తర్వాత చేరిందా అన్న వివాదం తెగలేదు. అభ్రకం పొరల్లో కణాన్ని పుట్టించి చూపినవారూ లేరు. ఇది ఇంకా ప్రతిపాదనే. అయినా పరీక్షకు లొంగే ప్రతిపాదన కాబట్టి విలువైనది.

రాయలసీమ రాళ్లలో ప్రాణం జాడ మాత్రం స్పష్టంగా ఉంది. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు పొరపొరగా కట్టిన స్ట్రొమటోలైట్ల వయసు 188 కోట్ల ఏళ్లకు పైమాటే. అంతకు ముందరి తొలి అడుగు ఎలా పడిందో పిల్లలకు చెప్పేటప్పుడు, గూడూరు చుట్టుపక్కల బడుల్లో మిల్లర్ గాజుబుడ్డి బొమ్మతో సరిపెట్టకూడదు. సైదాపురం తట్టు దొరికే అభ్రకం ముక్కను సగం చీల్చి, అంచున ఒక నీటిచుక్క వేసి భూతద్దంలో చూపించాలి. ఎవరూ తోయకుండానే చుక్క రేకుల మధ్యకు జారిపోతుంది.