మెదడువాపు జ్వరం

తాడేపల్లిగూడెం చుట్టూ వరిచేలే. చేలల్లో నిలిచిన నీళ్లలో క్యూలెక్స్ దోమలు పెరుగుతాయి. మెదడువాపు క్రిమి కొంగల్లో, పందుల్లో ఉంటుంది. వాటిని కుట్టిన దోమ మనిషిని కుడితే క్రిమి మనిషికి చేరుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు.

క్రిమి చేరినా చాలామందికి ఏమీ కాదు. కొందరు పిల్లల్లో మాత్రం మెదడుకెక్కి అక్కడి కణాలను చంపుతుంది. చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు. అందుకే బతికిన బిడ్డల్లో కొందరికి మాట, నడక, చదువు దెబ్బతింటాయి. మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లాలో 1999లో ఇది ఎందరో పిల్లలకు సోకింది.

దీన్ని చంపే మందు లేదు. రాకుండా టీకా ఉంది. జబ్బు ఉన్న జిల్లాల్లో 9 నెలలకు ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి వేస్తారు. నర్సమ్మను అడగాలి. రాత్రి దోమతెర కట్టాలి.

జ్వరంలో బిడ్డకు ఫిట్స్ వచ్చినా, మగతగా పడివున్నా గాలి సోకిందనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.