తలవరి మొదలు తహసీల్‌దారు వరకు

వేములవాడనుండి కోరుట్లకు పోవు త్రోవలోనున్న రుద్రంగి వంటి గ్రామములలో పెద్దలు గతమును చెప్పునప్పుడు మాలీ పటేలు, పట్వారీ, తాలూక్‌దారు, జమేదారు అను మాటలు తప్పక దొర్లును. ఆ ఉద్యోగములలో పెక్కు నేడు లేవు. అయినను ఇండ్లలో దాచియుంచిన భూమి కాగితములలో, వంశముల పేర్లలో ఆ మాటలు మిగిలియున్నవి. వానిని చదువబూనినవారు ఒక పేరునకు ఎల్లకాలము ఒకే అర్థమని తలచినచో పొరపడుదురు. పేరు నిలిచియుండగనే దాని వెనుకనున్న అధికారము మారిపోవుచుండుట ఈ పదముల చరిత్రలో మనము ముఖ్యముగా గమనింపవలసిన విషయము.

మొదట తలారి మాట చూతము. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు ఇక్ష్వాకు శాసనములలో మహాసేనాపతి, మహాదండనాయకుడు, మహాతలవరుడు అను హోదాలు కానవచ్చును. దండమనగా సైన్యము, దానిని నడుపువాడు దండనాయకుడు. మహాతలవరులన్ననో రాజకుటుంబముతో వియ్యమందినవారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి చాంతిసిరి భర్త అట్టివాడే. ఆ తలవర శబ్దమే క్రమముగా తలవరి, తలారి అయినదని పండితులందురు. రాజబంధువు ధరించిన హోదా తుదకు ఊరికావలివాని పేరైనది.

కొత్వాలు మాట నడచిన దారి వేరు. పరభాషాపదముగ తోచు ఈ మాటకు మూలము కోటను కాచువాడను అర్థముగల కోట్టపాల శబ్దము. మన మాటయే పారసీకపు ఉడుపులు తొడిగి మనయొద్దకు తిరిగివచ్చినది. హైదరాబాదులో కొత్వాలనగా నగర పోలీసు శాఖకు అధిపతి. 1920 నుండి 1934 వరకు ఆ పదవి నిర్వహించిన రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు సుప్రసిద్ధులు.

ఇక 'దారు'తో ముగియు పేర్లు అనేకము. పారసీకమున 'దార్' అనగా కలిగియున్నవాడు. కిల్లా అనగా కోట గనుక కిల్లేదారు కోటకు అధికారి. ఎలగందుల కిల్లేదారు సయ్యద్ కరీముద్దీను పేరనే కరీంనగరము వెలసినదని చెప్పుదురు. హవాలా అనగా అప్పగింత. అప్పగింత పొందినవాడు హవల్దారు. తహసీల్ అనగా వసూలు, వసూలుచేయువాడు తహసీల్‌దారు. జమాతు అనగా గుంపు. గుంపునకు పెద్ద జమేదారు.

సుబా అనగా రాష్ట్రము. మొగలు చక్రవర్తి పక్షమున దక్కనుకు సుబేదారుగా 1713లో వచ్చిన నిజాముల్‌ముల్కు 1724లో తన అధికారమును స్థిరపరచుకొని అసఫ్‌జాహీ రాజ్యమునకు పునాది వేసెను. అదే కాలక్రమమున ఆంగ్లేయ కంపెనీ సైన్యములో సుబేదారనగా సిపాయిల దళముపై నుండు దేశీయాధికారి మాత్రమే. నిజాము పరిపాలనలోనో, కొన్ని జిల్లాలపై పర్యవేక్షణ చేయు ఉద్యోగి సుబేదారు. ఒకే పేరు, మూడు అధికారములు! భారత సైన్యములో సుబేదారు నేటికిని ఉన్నాడు. జమేదారు మాత్రము 1965లో నాయబ్ సుబేదారైనాడు.

గ్రామములకు మరింత దగ్గరి మార్పు 1865లో మొదటి సాలార్‌జంగు చేసిన జిల్లాబందీతో వచ్చినది. అంతకుముందు శిస్తు వసూలులో దేశ్‌ముఖులకు, అనగా దేశమునకు ముఖ్యులైన వారికి, లెక్కలలో దేశ్‌పాండ్యాలకు చేయి యుండెను. పిదప జీతముపై పనిచేయు ఉద్యోగులు వచ్చిరి. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అనగా మొదటి తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్‌దారు. ఉత్తరదేశమున అవధ్ ప్రాంతపు తాలూక్‌దారు గొప్ప భూస్వామి. మన తాలూక్‌దారు కలెక్టరు వంటి ఉద్యోగి. ఈ భేదమెరుగనిచో పాత కాగితములో ఉద్యోగి చేసిన సంతకమును భూమి యజమాని సంతకమని పొరబడు ప్రమాదము కలదు.

గ్రామమున మాలీ పటేలు శిస్తు చూచుకొనగా, పోలీసు పటేలు శాంతిభద్రతలు, పట్వారీ లెక్కలు చూచుచుండిరి. మాల్ అనగా ఇచ్చట శిస్తు. ఈ పదవులు వంశపారంపర్యములు. పట్వారీ కలముననుసరించి రైతునకు భూమి ఉండుటయో పోవుటయో జరుగుచుండెను గనుక, చిన్న ఉద్యోగమైనను ఊరిలో దానికున్న భయము పెద్దది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1984 జనవరిలో పటేలు, పట్వారీ పదవులు తొలగినవి.

మరుసటి ఏట తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. మండలము మాట కొత్తది కాదు. తొలి కాకతీయులు చాళుక్యులకు సామంతులై మహామండలేశ్వర బిరుదు ధరించియుండిరి. నాడు రాజన్యుల ఏలుబడి, నేడు కొన్ని గ్రామముల సముదాయము. 2016లో రుద్రంగియు ఒక మండల కేంద్రమైనది. తహసీల్‌దారు కొన్నాళ్లు మండల రెవెన్యూ అధికారియై, తిరిగి తన పాత పేరే ధరించినాడు.

కావున పాత పత్రమొకటి చేతికి వచ్చినప్పుడు మొదట సంవత్సరము చూడవలెను; పిదప ఏ ప్రభుత్వమో, ఏ ప్రాంతమో చూడవలెను; అటుపిమ్మటనే హోదాకు అర్థము వెదకవలెను. ఈ క్రమము పాటించినచో మన తాతల చేవ్రాళ్లు మనకు నిజమే చెప్పును.