ఇంటి మాట, బడి అక్షరము

ఒకటవ తరగతి వాచకమున "ఇ" ప్రక్కన ఇల్లు బొమ్మ యుండును. సిద్దిపేటలో ఇంట ఉర్దూ మాటలాడు బాలుడు ఆ బొమ్మను చూచి "ఘర్" అనును. తండానుండి వచ్చు లంబాడీ బాలికకు "అమ్మ" సైతము క్రొత్త మాటయే. ఆమెకు తల్లి "యాడి". బొమ్మ తెలియును, అక్షరమును గుర్తింపగలరు; రెంటిని కలుపు మాటయే వారికి లేదు. దీనిని మనము మందబుద్ధి యని తేల్చివేయుట అన్యాయము.

ఈ కష్టము తెలుగువారెరుగనిది కాదు. 1948 వరకు ఈ ఊరు నిజాం రాజ్యములోనిది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. పై చదువు కోరిన తెలుగు బాలుడు పరభాషలో తడబడవలసి వచ్చెను. నేడు పాత్రలు తారుమారైనవి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నించవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అయినను ఉర్దూ బడితోనే చిక్కు తీరదు. ఇంట "హౌ", "కైకు" అను దక్కనీ నేర్చినవానికి పుస్తకము "హాఁ", "క్యోఁ" అనును.

ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు. క, ఖల భేదమును తెలుగు పిల్లలు తరచుగా చెవితో పట్టలేరు. ఉర్దూ బాలునికది పుట్టుకతో వచ్చిన విద్య: కానా యనగా ఒంటికంటివాడు, ఖానా యనగా భోజనము. ఒత్తక్షరముల పాఠము నాడు అతనినే ముందు నిలిపి పలికింపరాదా! ణ, ళల వద్ద మాత్రము అతనికి తోడు కావలెను; కల, కళ అతని చెవికి ఒక్కటిగనే వినిపించును. ఉర్దూ వ్రాత కుడినుండి యెడమకు సాగును, హ్రస్వాచ్చుల గుర్తులను సాధారణముగా విడిచివేయును. మన గుణింతము ప్రతి అచ్చును కంటికి చూపును. ఈ సౌలభ్యమును వాడుకొనక, అర్థము లేని వల్లెవేతతో గుణింతమును పాటగా మార్చుచున్నాము.

కలం, రుమాలు, కుర్సీ, దుకాణం, దర్వాజ - ఈ మాటలు సిద్దిపేట తెలుగింటను ఉర్దూయింటను సమానమే. తొలి పఠనము వీనితో నేల మొదలిడరాదు? ఒక భాషలో అలవడిన చదువు నేర్పు రెండవ దానికి సంక్రమించునని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించెను.

లంబాడీకి సొంత లిపి లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించినపుడు అందు బంజారా యొకటి. దానిని తెలుగు లిపిలోనే వ్రాసిరి. భాష రాని ఉపాధ్యాయుడును ఇట్లు చేయవచ్చును. అదే తండా పెద్దపిల్లను ప్రక్కన నిలుపుకొని, చిన్నది చెప్పిన మాటను నల్లబల్లపై వ్రాయవలెను. యా, డి - రెండక్షరములే. చిన్నది వానిని చదివిన పిమ్మట, మరునాడు "అమ్మ" వ్రాయవచ్చును.